చేతి కన్నూ మిషన్ కన్నూ

మా ఆయన కార్లకు రంగు కలుపుతారు. వేసేవాళ్ళు వేరు, కలిపేవాళ్ళు వేరు. ఎక్కడో గుద్దుకుని సొట్టపడిన కారు షెడ్డుకు వస్తే, సొట్ట తీసేది ఒకరు, లప్పం పెట్టి నున్నగా రుద్దేది ఇంకొకరు. పాత రంగుకూ కొత్త రంగుకూ మధ్య అతుకు తెలియకుండా షేడు కలిపేది మాత్రం మా ఆయనే. అందుకే అందరూ ఆయన్ని షేడు మాస్టారు అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలకరేమోనని నా అనుమానం.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. షేడు కలిపిన మనిషి కారును ఎండలోకి తీయించి, నాలుగు వైపులా తిరిగి చూసి "కలిసింది" అన్నాడంటే ఇక ఎవరూ నోరెత్తకూడదు. కారు ఓనరైనా సరే. తలా ఒక మాట అంటూ పోతే ఏ కారూ షెడ్డు దాటదు కాబట్టి పెట్టుకున్న కట్టుబాటు అది. మంచిదే. కానీ ఆ మాట అనే మనిషికే కళ్ళు మసకబారితే ఏం చేయాలో, పద్ధతి పెట్టిన మహానుభావులు ఎవరూ చెప్పి పోలేదు.

నోరెత్తినవాడు ఒక్కడే, మా తమ్ముడు. వాడు మా ఆయన దగ్గరే పనిలో చేరి, ఆయన చేతి కిందే స్ప్రే గన్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. "బావా, బావా" అంటూ నీడలా వెంట తిరిగేవాడు. ఇద్దరూ ఒకే క్యారియర్‌లోంచి తినేవాళ్ళు. ఒకరోజు ఒక తెల్ల కారుకు కొత్త డోరు వేశారు. రంగులన్నిటిలోకీ తెలుపే కష్టమట. మా ఆయన ఎండలో చూసి "కలిసింది" అన్నారు. తమ్ముడు కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఓనరూ పనివాళ్ళూ అందరూ వింటూ ఉండగా, "కలవలేదు బావా. కారు పాల రంగులో ఉంది, డోరు మీగడ రంగులో ఉంది," అన్నాడు.

మా ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నా దగ్గర గన్ను పట్టడం నేర్చుకున్నవాడివి, నాకు తెలుపు చెబుతావా? కళ్ళు కనబడకపోతే ఇంట్లో కూర్చో, ఫో!" అన్నారు. వాడు అప్పుడే వెళ్ళిపోయాడు. ఊరి అవతలి చివర సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. అప్పటి నుంచీ ఈయన గడప వాడు తొక్కలేదు, వాడి గడప ఈయన తొక్కలేదు.

మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. మా అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే వాడే. వాడి కూతురి పెళ్ళికి నేనొక్కదాన్నే వెళ్ళి, "మీ ఆయన రాలేదేం?" అని అడిగిన ప్రతివాళ్ళకూ జ్వరమని చెప్పాను. ఇంటికొచ్చి ఈయన ముందు కూర్చుని ఏడిస్తే, "వాడే వచ్చి తప్పు ఒప్పుకోమను," అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోగా చూడాలన్నది ఒక్కటే నాకు మిగిలిన కోరిక. వయసు మీద పడుతోంది, ఎవరు ముందు పోతారో తెలియదు. ఒకరి చావుకు ఇంకొకరు రావడమే రాజీ అవుతుందేమోనని నాకు భయంగా ఉండేది.

ఈలోగా ఈయన చూపు జారిపోతూ వచ్చింది. మెల్లగా జారింది కాబట్టే ఆయనకు తెలియలేదు. బల్బులు సరిగ్గా వెలగడం లేదనేవారు. రంగుల కంపెనీలు కల్తీ చేస్తున్నాయనేవారు. పేపరువాళ్ళు అక్షరాలు చిన్నవి చేసి కాగితం మిగుల్చుకుంటున్నారనేవారు. లోకమంతా కట్టగట్టుకుని ఈయన్ని మోసం చేస్తోంది గానీ, ఈయన కళ్ళు మాత్రం భేషుగ్గా ఉన్నాయి! "ఒకసారి డాక్టరుకు చూపించుకోండి," అంటే, "ఈ కళ్ళతోనే కదే ఇల్లు గడుస్తోంది," అని నా నోరు మూయించేవారు. నేనా, పొద్దస్తమానం కుట్టుమిషన్ ముందు కూర్చునేదాన్ని. ఆ షెడ్డులో ఏ కారు ఏ రంగులో బయటికి పోతోందో నాకేం తెలుసు?

ఒకరోజు ఆయన షెడ్డులోకి వెళుతూనే, మేకుకు వేలాడుతున్న పనివాళ్ళ ఓవరాల్ చొక్కాను చూసి, "పనివేళ గోడకు చేరబడి నిలబడతావేంరా?" అని చెడామడా తిట్టారట. అది బదులివ్వకపోయేసరికి ఇంకా మండిపోయి, భుజం పట్టుకుని కుదిపారట. పనివాళ్ళు ఈ సంగతి కడుపుబ్బ నవ్వుతూ నాకు చెప్పారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మర్నాడే చెయ్యి పట్టుకుని కంటి ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కళ్ళలోకి దీపం వేసి చాలాసేపు చూసింది. "రెండింట్లోనూ శుక్లాలున్నాయి. ఎడమది ఇంకా మెత్తగానే ఉంది. కుడిది బాగా ముదిరి రాయిలా గట్టిపడింది. ఇన్నాళ్ళూ ఏం పని చేస్తున్నారండీ?" అంది.

"కార్ల రంగులు కలుపుతాను," అన్నారు ఈయన, ఛాతీ విరుచుకుని.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

మా పక్కింటాయన తన కంటికి లేజర్ చేయించుకున్నానని ఎప్పుడూ గొప్పలు చెప్పుకుంటూ ఉంటాడు. ఆయనకంటే మేమేం తక్కువ తిన్నామన్నట్టు ఈయన, "రెంటికీ లేజరే కొట్టేయండి," అన్నారు. డాక్టరమ్మ నవ్వి ఓపికగా చెప్పింది. "లేజర్ కోతలు పెట్టి, శుక్లాన్ని ముక్కలుగా గీస్తుందండీ. ఆ ముక్కల్ని బయటికి తీసే పని తర్వాత మిషన్ చేయాల్సిందే. మీ ఎడమ కంటికి నేరుగా మిషనే పెడతాను. సన్నటి సందులోంచి సూది లాంటిది లోపలికి పంపి, శుక్లాన్ని అక్కడే నలగ్గొట్టి పీల్చేస్తుంది. కుడిదాన్ని అలా నలగ్గొట్టాలంటే చాలాసేపు పడుతుంది, కంటి ముందుండే పొర దెబ్బతినొచ్చు. దానికి కాస్త పెద్ద కోత పెట్టి, మొత్తం శుక్లాన్ని చేత్తోనే తీస్తాను. రెంటిలోనూ కొత్త లెన్స్ పెడతాను."

"అంటే ఒకటి మిషన్ పాలిషు, ఇంకొకటి చేతి పాలిషు," అన్నారు ఈయన.

"అలాగే అనుకోండి. మిషన్‌ది త్వరగా తేరుకుంటుంది. చేతిది నెమ్మదిగా తేరుకుంటుంది. తేరుకున్నాక చూపులో పెద్ద తేడా ఉండదు. ముందు ఎడమది చేద్దాం."

ఎడమ కంటి ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున కట్టు విప్పారు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ముందు నన్ను చూస్తారనుకున్నాను. పిచ్చిదాన్ని! ఆయన గోడను చూశారు. అలా చూస్తూ ఉండిపోయారు. "రాత్రికి రాత్రి గోడలకు సున్నం వేయించారా?" అని నర్సును అడిగారు.

"లేదండీ, ఎప్పుడూ ఇదే గోడ," అందామె.

తర్వాత నా వైపు తిరిగారు. "ఆ స్వెట్టర్ ఎప్పుడు కొన్నావు?" అన్నారు. అది ఆయనే కొన్నది. నీలం రంగుది. ఇన్నేళ్ళూ దాన్ని బూడిద రంగు అనుకున్నారట. నీలం అని వినగానే ఆయన మొహంలో సంతోషం రాలేదు, ఏదో అనుమానం వచ్చింది. మంచం మీంచి లేచి, పక్క మీది దుప్పటినీ, నర్సు టోపీనీ, కిటికీ రెక్కనూ ఒక్కొక్కటిగా చూస్తూ పోయారు. "ఇది కూడా తెలుపేనా? మరి అది?" అని అడుగుతుంటే నాకే కంగారు పుట్టింది.

నల్లద్దాలు పెట్టించి బయటికి తీసుకొచ్చాను. గేటు దగ్గర ఆసుపత్రివాళ్ళ తెల్ల వ్యాను నిలబడి ఉంది. ఈయన ఆగిపోయి అద్దాలు తీశారు. వ్యాను తెల్లగా ఉంది. దాని వెనక డోరు మాత్రం గారపట్టిన పళ్ళలా పచ్చగా ఉంది.

"ఏ చేతకానివాడయ్యా ఈ డోరు చేసింది?" అని డ్రైవరు మీద గట్టిగా అరిచారు. "తెలుపుకూ పసుపుకూ తేడా తెలియని గాడిదెవడు?"

డ్రైవరు నోరు తెరిచి నన్నొకసారి, ఆయన్నొకసారి చూశాడు. "మీరే కదండీ మాస్టారూ. నేనే తెచ్చాను మీ షెడ్డుకు," అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. ఆయన ఆ డోరును వేలితో తడిమి, "మరి అప్పుడే చెప్పొచ్చుగా?" అన్నారు.

"మీరు కలిసిందన్నారండీ," అన్నాడు డ్రైవరు. "మీరు కలిసిందన్నాక ఇంకేం అంటాం?"

ఆపరేషన్ అయిన ఎడమ కంటికి తగలకుండా, నా అరచేతిని దానికి అడ్డం పెట్టమన్నారు. ఆపరేషన్ కాని కుడి కంటితో వ్యానును చూశారు. "కలిసింది," అన్నారు. చెయ్యి తీయమన్నారు. కుడి కన్ను మూసి, కొత్త కంటితో చూశారు. మళ్ళీ అడ్డం పెట్టమన్నారు. మళ్ళీ తీయమన్నారు. ఒక కంటికి డోరూ వ్యానూ ఒకటే. ఇంకో కంటికి రెండూ వేరు. అలా ఎన్నిసార్లు చేశామో లెక్క లేదు. వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని వింతగా చూస్తున్నారు. చివరికి ఆయన అక్కడే గేటు పక్క అరుగు మీద కూలబడ్డారు. ఆ మనిషి మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి వెళ్ళే దారి పొడవునా ఆయనకు ఆయన చేసిన కార్లే కనబడ్డాయి. మందుల షాపు ముందు ఒకటి, సిగ్నల్ దగ్గర ఒకటి, మా వీధి మొదట్లోనే ఒకటి. ఒకదానికి డోరు వేరుగా ఉంది, ఒకదానికి డిక్కీ వేరుగా ఉంది. ఊరంతా ఆయన చేసిన అతుకులతో తిరుగుతోంది, ఊరంతటికీ ఆ సంగతి తెలుసు. తెలియనిది ఈయన ఒక్కరికే. మర్యాద కోసం ఎవరూ చెప్పలేదు. ఆ మర్యాదను తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మొహం మీద తిట్టినా బాగుండేది కదా!

ఆయన భోజనం ముట్టలేదు. కంచం పక్కకు జరిపి, "వాడు చెప్పాడే," అన్నారు. ఎవడని నేను అడగలేదు. ఏళ్ళ తరబడి ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "లేవండి, ఇప్పుడే వెళదాం," అన్నాను.

"ఇప్పుడు కాదు. ఒక కన్ను కలిసిందంటోంది, ఒక కన్ను కలవలేదంటోంది. ఏది నిజమో ఏం తెలుసు? మిషన్ చేసిన కన్ను కదా, అదే ఎక్కువ తెలుపు చూపిస్తోందేమో. చేతి కన్ను కూడా అయ్యాక, రెండూ ఒకే మాట చెబితే అప్పుడు వెళతాను."

"ఊరంతా చెప్పాక కూడా ఇంకా సాక్ష్యం కావాలా మీకు?" అని అరిచాను.

"షేడు విషయం కదే," అన్నారు. ఇక ఆ మనిషితో ఏం వాదిస్తాం?

షెడ్డులో కొత్త పని ఆపించేశారు. కుడి కంటి ఆపరేషన్ అయింది. ఎడమ కంటిలా మర్నాటికే తేటపడుతుందని ఈయన ఆశ. కట్టు విప్పితే అంతా పొగమంచు. "చెడిపోయింది," అనేశారు. వాపు ఉంది, అది తగ్గాలి, ఓపిక పట్టమంది డాక్టరమ్మ. ఓపికా, మా ఆయనకా! చేతి పాలిషే మన్నిక అని అంతకుముందు అందరికీ చెప్పిన మనిషి, ఇప్పుడు పడక్కుర్చీలో కూర్చుని మిషన్‌ను పొగిడారు, డాక్టరమ్మను తిట్టారు, నన్ను తిట్టారు.

నా భయం వేరే. ఈ కన్ను తేటపడకపోతే ఈయన ఆ గడప తొక్కరు. చేతి కన్ను సాక్ష్యం చెప్పలేదు కాబట్టి ఇంకా తేలలేదంటారు. ఆ వంక దొరికితే చాలు, ఆయన రోషం మళ్ళీ పైకి లేస్తుంది. అందుకే వేళ తప్పకుండా చుక్కలు వేశాను. కంట్లో నీళ్ళు పడకుండా తడిగుడ్డతో మొహం తుడిచాను. పొద్దున లేస్తూనే, "ఇవాళ ఎలా ఉంది?" అని అడిగేదాన్ని. "నీ మొహంలా ఉంది," అనేవారు. అంటే కనబడటం లేదని అర్థం.

వారాలు గడిచాక ఒక ఉదయం ఆయన గుమ్మంలో నిలబడి, ఎదురింటివాళ్ళ కారుకేసి చూస్తున్నారు. అదీ ఆయన చేసిందే. ఎడమ కన్ను మూశారు, తెరిచారు. కుడి కన్ను మూశారు, తెరిచారు. "రెండూ కలవలేదనే అంటున్నాయే," అన్నారు. "చొక్కా ఇలా ఇవ్వు."

తమ్ముడి షెడ్డులో మేము అడుగుపెట్టేసరికి మిట్టమధ్యాహ్నం. కంప్రెసర్ చప్పుడుకు ముందు మమ్మల్ని ఎవరూ గమనించలేదు. తమ్ముడు ఒక తెల్ల కారు మీద వంగి ఉన్నాడు. ఆ కారు ఓనరు కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. తమ్ముడు తలెత్తి మా ఆయన్ని చూసి కొయ్యబారిపోయాడు. పనివాళ్ళెవరో కంప్రెసర్ ఆపేశారు.

మా ఆయన నేరుగా వాడి ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. "ఆ రోజు నువ్వన్నదే నిజంరా. ఆ డోరు కలవలేదు. అందరి ముందూ నిన్ను కళ్ళు కనబడనివాడన్నాను. ఇప్పుడు వీళ్ళందరి ముందూ చెబుతున్నాను, కళ్ళు కనబడనివాణ్ణి నేనే. రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. తప్పు నాది," అన్నారు. ఆయన నోట "తప్పు నాది" అన్న మాట నేను వినడం అదే మొదలు. నా చెవులను నేనే నమ్మలేకపోయాను.

తమ్ముడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "పోనీలే బావా, ఎప్పటి మాట," అన్నాడు. అంతే. నా ఇన్నేళ్ళ కన్నీళ్ళూ ఆ ఒక్క మాటతో తీరిపోయాయి. కుర్చీ లాగి, దుమ్ము దులిపి ఈయన్ని కూర్చోబెట్టాడు, వెంటనే మళ్ళీ లేపాడు. చిన్నప్పుడు బొమ్మ గీసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడే, అదే ఉత్సాహంతో ఈయన చెయ్యి పట్టుకుని ఆ తెల్ల కారు దగ్గరికి లాక్కెళ్ళాడు. "ఇప్పుడే కలిపాను బావా. ఓనరు గారికి కలిసిందని చెప్పేశాను కూడా. మంచి వేళకు వచ్చావు, నువ్వు కూడా ఒక్క మాట చెప్పు."

నేను కారు వైపు చూశాను. రంగుల సంగతి ఏమీ తెలియని నాకే తెలిసిపోతోంది. కారు పాల రంగులో ఉంది. డోరు మీగడ రంగులో ఉంది.

అప్పుడు తమ్ముడి మొహంలోకి చూశాను. ఇన్నాళ్ళూ వాడి కళ్ళు నేను సరిగ్గా చూడనే లేదు. రెండు నల్లగుడ్ల నడుమా బూడిద రంగు తేలి ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో పని చేస్తూ పక్కన పెద్ద బల్బు వెలిగించుకున్నాడు.

ఏవండీ, ఒక్క అబద్ధం చెప్పండి, అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఒక్కటంటే ఒక్కటి. బాగుందనండి, ఇంటికెళ్ళాక చూసుకుందాం, మెల్లగా నేను చెబుతాను. ఆ రోజు తమ్ముడన్న మాటే కదా ఈ రెండు ఇళ్ళనూ విడదీసింది. మళ్ళీ అదే మాట, మళ్ళీ ఓనరు ముందు, మళ్ళీ పనివాళ్ళ ముందు!

మా ఆయన కుడి కన్ను మూసి చూశారు. ఎడమ కన్ను మూసి చూశారు. ఆయన మొహంలో నెత్తురు లేదు.

"కలవలేదురా," అన్నారు.

ఓనరు ఫోను దించాడు. తమ్ముడు చెంపదెబ్బ తిన్నవాడిలా నిలబడ్డాడు. ఇక అయిపోయింది అనుకున్నాను. బయటికి పొమ్మంటాడు, వెళ్ళిపోతాం, ఈ జన్మకు ఇంతే. కానీ వాడు కారు చుట్టూ తిరిగాడు. డోరు దగ్గర వంగాడు, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. దూరం వెళ్ళి చూశాడు. పక్కన నిలబడ్డ పనివాడి మొహంలోకి చూశాడు. ఆ పనివాడు తల దించుకున్నాడు. అది చూశాక వాడికి అర్థమైంది.

వెనక్కొచ్చి మా ఆయన ముందు నిలబడ్డాడు. "నాకు తేడా కనబడటం లేదు బావా," అన్నాడు. "కానీ నువ్వు కలవలేదంటున్నావు. నువ్వంటే కలవనట్టే." పనివాళ్ళ వైపు తిరిగి, "రంగు తీసేయండి. బావ కలుపుతాడు," అన్నాడు.

మా ఆయన భోరుమన్నారు. అంత పెద్ద మనిషి, అంతమంది ముందు. "ఈ మాట ఆ రోజు నేను అనలేకపోయాన్రా," అంటూనే చెయ్యి కంటి మీదికి పోనిచ్చారు.

"కన్ను నలపకండి!" అని ఒక్క కేక వేశాను. ఆపరేషన్ అయిన కంట్లో నీళ్ళు పడకూడదంది డాక్టరమ్మ. కంట్లోంచి వచ్చే నీళ్ళ సంగతి ఆమె ఏమీ చెప్పలేదు. వదిలితే నలిపేస్తారని, ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకుని అలాగే నిలబడ్డాను.